ఏసీ గ్యాసు అరిగిపోదు, కారిపోతుంది

సేద్యం ఒక్కదానితో ఇల్లు గడవక పాత కారు ఒకటి కొని కిరాయికి తిప్పుకుంటున్న సన్నకారు రైతు కుటుంబాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. పెళ్లిళ్లకు, ఆసుపత్రికి, పట్నం పనులకు ఊరికంతా ఆ కారే ఆధారం. శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి ఏసీ చల్లదనం తగ్గిపోతుంది. కిరాయికి పిలిచేవాళ్లు వేరే బండి చూసుకుంటారు. మెకానిక్ దగ్గరకు తీసుకెళితే 'గ్యాసు అయిపోయిందన్నా, కొట్టించు' అంటాడు. కొట్టిస్తారు. మళ్లీ వేసవికి అదే మాట, అదే ఖర్చు.

ఇక్కడ రైతు సోదరులు ఒక ప్రశ్న వేసుకోవాలి. నిరుడు పట్టించిన గ్యాసు ఏమైంది? మడి గట్టుకు ఎలుక బొక్క పడి నీళ్లు పోతుంటే, ఇంకో రెండు గంటలు మోటారు వేసి ఊరుకోం గదా! బొక్క ఎక్కడుందో వెతికి, మట్టి పెట్టి తొక్కి, ఆ తర్వాతే నీళ్లు కడతాం. ఏసీకీ అదే పద్ధతి. ముందు లీకు పట్టాలి, తర్వాతే గ్యాసు పట్టించాలి.

గ్యాసు ఎలా తిరుగుతుంది?

డీజిలు మండి ఖర్చవుతుంది. ఏసీ గ్యాసు మండదు, ఖర్చు కాదు. కంప్రెసరు దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటరు ముందున్న కండెన్సరులో ఆ వేడి బయటికి పోయి గ్యాసు ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం డ్రైయరు దాటి, సన్నని వాల్వు గుండా డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిలులోకి వెళ్లి, అక్కడ ఆవిరవుతూ కారు లోపలి వేడిని లాగేస్తుంది. మళ్లీ కంప్రెసరుకు చేరుతుంది. చిన్న కార్లలో ఈ గ్యాసు సుమారు అర కిలో ఉంటుంది.

పాత కార్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు గట్టిపడతాయి కనుక కొన్నేళ్లలో కొద్దిగా తగ్గడం సహజం. ఏడాది తిరక్కుండానే ఖాళీ అవుతోందంటే మాత్రం లీకు ఉన్నట్లే. పైగా కంప్రెసరుకు కావలసిన నూనె కూడా గ్యాసుతోపాటే తిరుగుతుంది. లీకులో నూనె కూడా పోతుంది. నూనె తగ్గిన కంప్రెసరు ఒకనాడు పట్టేస్తుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు ఏటేటా పట్టించిన గ్యాసు ఖర్చు ఏమాత్రం?

ముందు ఇవి చూడండి

చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాసుదే కాదు. కండెన్సరుకు బురద, ఊక, పురుగులు పట్టాయా? దాని ముందో వెనకో ఉన్న ఫ్యాను తిరుగుతోందా? బెల్టు వదులైందా? లోపలి గాలి జల్లెడ దుమ్ముతో మూసుకుపోయిందా? ఏసీ వేయగానే కంప్రెసరు క్లచ్చు 'టిక్' మని పట్టుకుంటోందా? చాలా కార్లలో గ్యాసు బాగా తగ్గితే ఒక స్విచ్చి క్లచ్చును పట్టనివ్వదు. అది కంప్రెసరుకు కాపలా. కొందరు ఆ స్విచ్చికి డైరెక్టు వైరు కలిపి నడిపిస్తారు. అలా చేయనివ్వకండి.

కంటితో వెతకడం

గ్యాసు కంటికి కనిపించదు, దాని వెంట వచ్చే నూనె కనిపిస్తుంది. లీకున్న చోట నూనె చెమ్మకు దుమ్ము అంటి నల్లగా జిగురు కడుతుంది. ఇంజను ఆపి, చల్లారాక ఈ చోట్లు వరసగా చూడండి.

1. గొట్టాలు కలిసే ప్రతి నట్టు, ప్రతి జాయింటు.
2. రబ్బరు గొట్టానికి ఇనుప పట్టీ నొక్కిన చోటు.
3. కంప్రెసరు ముందు భాగం. ఇరుసు సీలు పోతే క్లచ్చు చుట్టూ నూనె చిమ్మినట్లు ఉంటుంది.
4. గ్యాసు పట్టే రెండు వాల్వులు. పైమూతలు పోయి ఉంటే వెంటనే పెట్టించండి.
5. కండెన్సరు కింది మూలలు. రాయి తగిలిన చోట్లు.
6. గొట్టం బాడీకి ఒరుసుకునే చోటు. ఎలుక కొరికిన గాట్లు.

మరక కనిపిస్తే శుభ్రంగా తుడిచి, వారం రోజులు బండి తిప్పి మళ్లీ చూడండి. అదేచోట మళ్లీ చెమ్మ కడితే దాన్ని గట్టిగా అనుమానించవలసిందే. కూలింగ్ కాయిలు మాత్రం లోపల ఉంటుంది. ఏసీ నీళ్లు కారే సన్నగొట్టం చివర నూనె జిడ్డు ఉంటే లీకు అక్కడ ఉండవచ్చు.

సబ్బు నురగ పరీక్ష

సైకిలు ట్యూబు పంక్చరును నీళ్ల తొట్టిలో పట్టినట్లే ఇది. గిన్నెలు తోమే సబ్బు చిక్కగా కలిపి బ్రష్షుతో జాయింట్లకు పూయండి. ఇంజను ఆపే ఉండాలి. తాళంచెవి తీసెయ్యండి, లేకుంటే కరెంటు ఫ్యాను ఉన్నట్లుండి తిరిగి వేళ్లు తెగే ప్రమాదముంది. పది నిమిషాలు ఓపికగా చూడండి. పెద్ద లీకైతే బుడగలు ఉబికి వస్తాయి, చిన్నదైతే నురగ నెమ్మదిగా గుడ్లు పెట్టినట్లు పేరుకుంటుంది. గొట్టాల్లో గ్యాసు ఒత్తిడి మిగిలి ఉంటేనే ఈ పరీక్ష పనిచేస్తుంది. బుడగలు రాలేదంటే లీకు లేదని కాదు, మరీ సన్నని లీకు నురగకు దొరకదు.

మెకానిక్‌ను అడగవలసింది

మీకు దొరకకపోతే ఏసీ పని తెలిసిన చోటికే వెళ్లండి. గ్యాసు పసిగట్టే పరికరంతో వెతకమనండి. గ్యాసు గాలికంటే బరువు, కాబట్టి గొట్టం అడుగు వైపు పట్టి చూడాలి. లేదా మెరిసే రంగు ఎక్కించి, కొన్నాళ్లు తిప్పాక ప్రత్యేకమైన లైటుతో చూస్తారు. పూర్తిగా ఖాళీ అయిన బండిలో పొడి నైట్రోజను ఎక్కించి మీటరు ముల్లు దిగుతుందా అని చూస్తారు. ఆక్సిజను ఎక్కించనే కూడదు, నూనెతో కలిసి పేలుతుంది. గాలి పంపు కూడా వద్దు, చెమ్మ లోపలికి పోతుంది. వాక్యూం నిలిచిందని చెప్పినా పూర్తిగా నమ్మవద్దు. బయటికి నెట్టే ఒత్తిడిలో తెరుచుకునే సీలు, లోపలికి పీల్చేటప్పుడు మూసుకుపోవచ్చు.

లీకు బాగుచేశాక వాషర్లు కొత్తవి వేయాలి, డ్రైయరు మార్చాలి, కనీసం అరగంట వాక్యూం లాగాలి. గ్యాసును అందాజుగా కాక, బానెట్ కింద చీటీలో రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి పట్టాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

బాగా పాత బండ్లలో ఆర్-12, తర్వాతి వాటిలో ఆర్-134ఎ గ్యాసు ఉంటాయి. ఓజోను పొరకు హాని చేసే ఆర్-12ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం నిలిపివేశారు. రెండింటి నూనెలు వేరు, కలపకూడదు. ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు మించినది. ఊరికే గాలిలోకి వదలనివ్వకండి.

జాగ్రత్తలు

• వంటగ్యాసు చవకని కొందరు ఏసీలో నింపుతారు. కాయిలు లీకైతే అది నేరుగా జనం కూర్చున్న చోటికే వస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.
• మంటతో లీకు వెతకవద్దు. మంట తగిలితే ఈ గ్యాసులు విషవాయువులుగా మారుతాయి.
• నట్లు మీరు విప్పవద్దు. ద్రవం చిమ్మితే చర్మం గడ్డకట్టి కాలినట్లవుతుంది, కంటికి మరీ ప్రమాదం.
• లీకు మూసే డబ్బా మందులు వాల్వునూ మూసేస్తాయి.
• ఎరువుల బస్తాలు వేసుకెళ్లిన రోజు, కండెన్సరు మీద ఎరువు పొడి పడితే మామూలు నీళ్లతో మెల్లగా కడగండి. ఎరువు అల్యూమినియాన్ని తినేస్తుంది.
• చలికాలంలోనూ వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి. సీళ్లకు నూనె తడి అంది ఎండిపోకుండా ఉంటాయి.

లీకు డాష్‌బోర్డు వెనక కాయిలులో ఉంటే కూలి ఖర్చే ఎక్కువవుతుంది. ఆ సొమ్ము బండి సంపాదనలో తిరిగి వస్తుందా అని ముందే లెక్క వేసుకోండి. రాదనుకుంటే, కిటికీలు దించి తిప్పుకోవడమే నయం. అంతేగాని చిల్లు మూయకుండా ఏటేటా గ్యాసు పట్టించడం గట్టు తెగిన మడికి నీళ్లు పెట్టడమే. ఈసారి 'గ్యాసు అయిపోయింది' అంటే, 'ఎక్కడినుంచి పోయిందో చూపించి, తర్వాత పట్టు తమ్ముడూ' అని అడగండి.