చేపల నిశ్శబ్ద హెచ్చరిక

గద్ద నీడ పడగానే కోడి కేకవేసి పిల్లలను రెక్కల క్రిందికి చేర్చుకుంటుంది. గొంతెత్తి అరవలేని చేపకు ప్రమాదం సంగతి ఎలా తెలుస్తుంది? ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్ ‘మిన్నో’ అనే చిరుచేపలను పరిశీలిస్తూ, గాయపడిన చేపను గుంపులోకి వదిలినప్పుడు మిగిలినవి బెదరిపోవడం గమనించారు. చేప చర్మాన్ని నూరి ఆ రసాన్ని నీటిలో కలిపినా ఫలితం అదే. 1938లో ఆయన ఈ విషయాన్ని ప్రకటించారు. ఆ రసంలోని ద్రవ్యాన్ని ‘భయపదార్థం’ అనవచ్చు.

భయపదార్థం చర్మపు పైపొరలోని గద ఆకారపు కణాలలో ఉంటుందని చాలాకాలంగా భావిస్తున్నారు. ఈ కణాలకు వెలుపలికి ద్వారం లేదు. శత్రువు పంటిగాటుకు చర్మం చినిగినప్పుడే వాటిలోని ద్రవ్యం నీటిలో కలుస్తుంది. కాబట్టి ఇది చేప కావాలని పంపే సందేశం కాదు, గాయమే సందేశం.

చేపకు ముక్కు ఉన్నది శ్వాసకు కాదు, వాసనకు. ముక్కు రంధ్రాలలో ప్రవహించే నీటి నుండి నాడీకణాలు ఆ పదార్థాన్ని గ్రహించి మెదడుకు తెలుపుతాయి. వెంటనే చేపలు దగ్గరగా గుమిగూడుతాయి, అడుగుకు దిగుతాయి, లేదా కదలక నిలిచిపోతాయి. మన కొల్లేటి ప్రాంతపు చెరువులలో పెరిగే బొచ్చె, శీలావతి చేపలు మిన్నోకు బంధువులే.

రసాయనికంగా ఇది ఒకే పదార్థం కాదు, మిశ్రమమని తోస్తున్నది. హైపోక్సాంథిన్-3-ఎన్-ఆక్సైడ్ ముఖ్యమని కొందరు ప్రతిపాదించారు. కాండ్రాయిటిన్ అనే చక్కెర గొలుసు తునకలు జీబ్రా చేపలను బెదరిస్తాయని 2012లో సింగపూర్ శాస్త్రజ్ఞులు చూపారు.

ఈ ఘ్రాణశక్తి అతి సున్నితమైనది. అమెరికాలో 2007లో వెలువడిన పరిశోధనలో, లీటరు మంచినీటికి 2 నుండి 20 మైక్రోగ్రాముల రాగి కలిపి కోహో సాల్మన్ పిల్లలను 3 గంటలు ఉంచారు. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షవ వంతు. చేపలు చావలేదు; కాని భయపదార్థం సోకినా వాటి సహజమైన జాగ్రత్త సన్నగిల్లింది. శత్రువుకు అవి సులభంగా చిక్కుతాయి.

సఖీర్ వాసులకు ఇది దూరపు సంగతి కాదు. బహ్రెయిన్ కొళాయి నీటిలో అధికభాగం సముద్రపు నీటి నుండి ఉప్పు తీసినదే. ఆవిరి పద్ధతి కర్మాగారాలలో రాగి మిశ్రమలోహపు గొట్టాలు అరిగి, కొంత రాగి వ్యర్థజలంతో సముద్రాన్ని చేరుతుంది. ఉప్పునీటిలో రాగి ప్రభావం తగ్గుతుంది కనుక మంచినీటి కొలతలను సముద్రపు చేపలకు యథాతథంగా అన్వయించరాదు. అయినా ఒక సూత్రం నిలుస్తుంది: నీటిలో చేప బ్రతికి ఉన్నదా అని చూస్తే చాలదు, ప్రమాదాన్ని పసిగట్టగలుగుతున్నదా అని కూడా పరీక్షించాలి.