క్షేత్ర ప్రయోగాల విశ్లేషణలో ‘శాస్’ ఆదేశాలను ‘ఆర్’ భాషలోకి మార్చడం: పాటించవలసిన జాగ్రత్తలు

పరిచయం

వ్యవసాయ ప్రయోగాల గణాంక విశ్లేషణకు శాస్, ఆర్ భాషలు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. శాస్ 1960వ దశకంలో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ గణాంకాల విశ్లేషణ కొరకే రూపుదిద్దుకొన్నది. జాతీయ వ్యవసాయ నవకల్పనల ప్రాజెక్టు ద్వారా అది మన విశ్వవిద్యాలయాలకు అందింది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన ఆర్ ఉచితంగా లభిస్తుంది. అందువలన పాత శాస్ ఆదేశాలను ఆర్‌లోకి మార్చుకొనే అవసరం విద్యార్థులకు తరచుగా కలుగుతున్నది. మాటకు మాట పెట్టిన అనువాదం ఏ దోషసూచనా లేకుండా నడిచి, తప్పు ఫలితాన్ని ఇవ్వవచ్చు.

ఉదాహరణ

స్టేషన్ ఘన్‌పూర్ మండలంలోని ఒక చల్కా నేలలో మొక్కజొన్నపై నత్రజని మోతాదుల ప్రయోగం చేపట్టినట్లు భావిద్దాం. హెక్టారుకు 0, 50, 100, 150, 200, 250 కిలోల చొప్పున 6 మోతాదులు, 4 రెప్లికేషన్లు, మొత్తం 24 ప్లాట్లు. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ ప్రకారం డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మోతాదులకు 5, రెప్లికేషన్లకు 3, ఎర్రర్‌కు 15, మొత్తం 23 రావాలి.

శాస్‌లో మోతాదును, రెప్లికేషన్‌ను ‘క్లాస్’ వాక్యంలో పేర్కొంటారు. ఆర్‌లో అదే పనికి ‘ఫ్యాక్టర్’ ప్రమేయం అవసరం. మోతాదుకు అది విస్మరిస్తే ఆర్ దానిని కేవలం సంఖ్యగా గ్రహించి ఒక సరళరేఖను మాత్రమే అమరుస్తుంది. అప్పుడు మోతాదులకు 1, ఎర్రర్‌కు 19 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వస్తాయి. పట్టిక చూడటానికి సక్రమంగానే ఉంటుంది. కాని ఒక స్థాయి తరువాత దిగుబడి పెరుగుదల మందగించిన సంగతి ఎర్రర్‌లో కలిసి మరుగున పడుతుంది.

ఇతర భేదాలు

1. లోపించిన విలువలు: శాస్‌లో చుక్క, ఆర్‌లో ‘ఎన్.ఎ.’ గుర్తు. శాస్ లోపించిన విలువను అన్ని సంఖ్యల కన్న చిన్నదిగా పరిగణిస్తుంది. కనుక ‘దిగుబడి ఇంతకు తక్కువ’ అనే షరతులో ఆ ప్లాటు కూడా చేరుతుంది. ఆర్‌లో అదే పోలిక ఫలితం ‘ఎన్.ఎ.’ అవుతుంది. చుక్కలున్న దత్తాంశాన్ని ఆర్‌లోకి చదివించేటప్పుడు చుక్క అర్థాన్ని ముందుగా తెలియజేయాలి. లేనిచో ఆ నిలువు వరుస మొత్తం అక్షరాలుగా మారుతుంది.

2. వర్గాల మొత్తాలు: శాస్‌లోని ‘జి.ఎల్.ఎం.’ విధానం మొదటి, మూడవ రకాలు రెండింటినీ చూపుతుంది. ఆర్‌లోని ‘ఎ.ఓ.వి.’ వరుసక్రమంలో లెక్కించే మొదటి రకాన్నే ఇస్తుంది. ప్లాట్లన్నీ ఉన్నపుడు రెండూ సమానమే. అడవిపందులు ఒక ప్లాటును పాడుచేసిననాడు భేదం బయటపడుతుంది. అట్టి సందర్భంలో రెప్లికేషన్‌ను ముందు, ట్రీట్‌మెంట్‌ను చివర వ్రాయాలి.

3. సంవర్గమానాలు: ‘లాగ్’ అనగా శాస్, ఆర్ రెండింటిలోను సహజ సంవర్గమానమే. ఎక్సెల్‌లో మాత్రం ఆధారం 10.

4. అక్షరభేదం: పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడాను శాస్ పట్టించుకోదు, ఆర్ పట్టించుకొంటుంది.

సరిచూచు విధానం

ఫలితం ముందే తెలిసిన పాత ప్రయోగ దత్తాంశాన్ని కొత్త ఆదేశాలతో విశ్లేషించి చూడాలి. మొదట డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను చేతితో లెక్కించి పోల్చాలి. తరువాత ఎర్రర్ మీన్ స్క్వేర్, చివర క్రిటికల్ డిఫరెన్స్ సరిపోవాలి. మొదటి మెట్టులోనే తేడా వస్తే ముందుకు సాగరాదు.

ముగింపు

పై ఉదాహరణలో ఒక మోతాదుకు, తరువాతి మోతాదుకు తేడా హెక్టారుకు 50 కిలోల నత్రజని. అనగా ఎకరానికి సుమారు 44 కిలోల యూరియా, దాదాపు ఒక బస్తా. ‘ఫ్యాక్టర్’ అనే ఒక్క మాట జారిపోతే, దిగుబడి పెంచని ఆ బస్తాను కూడా రైతుకు సిఫారసు చేసే ప్రమాదమున్నది. కనుక అనువదించవలసినది ఆదేశాన్ని కాదు, ప్రయోగ రచనను.