బంతిపూల దారిలో ఇంటికొచ్చే పెద్దలు

'కోకో' సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. 2017లో వచ్చిన ఆ యానిమేషన్ సినిమాలో మిగెల్ అనే పిల్లాడు చనిపోయినవాళ్ళ లోకానికి వెళ్తాడు. ఆ పూల వంతెన, ఆ అస్థిపంజరాల పాటలు సినిమావాళ్ళ ఊహే కావచ్చు. కానీ వాటి వెనకున్న పండగ మాత్రం నిజంగా ఉంది. మెక్సికోలో దాన్ని 'దియా దె ముయెర్తోస్' అంటారు, అంటే మృతుల రోజు. సినిమా చూశాక ఆసక్తి కలిగి దాని గురించి చదివాను. తెలుసుకున్నది మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

ఎప్పుడు చేస్తారు?

నవంబర్ 1, 2 తేదీల్లో. మొదటి రోజు చనిపోయిన చిన్నపిల్లల కోసం, రెండో రోజు పెద్దవాళ్ళ కోసం. ఈ తేదీలు క్యాథలిక్ క్రైస్తవుల క్యాలెండర్ నుంచి వచ్చాయి. 1521లో స్పెయిన్‌వాళ్ళు అజ్టెక్ రాజధానిని జయించాక ఆ మతం అక్కడ స్థిరపడింది. అంతకుముందే అజ్టెక్‌లకి మృతుల కోసం సొంత పండగలు ఉండేవి. వాళ్ళ మృత్యులోకం పేరు మిక్త్లాన్. ఇప్పటి పండగలో పాత ఆచారం ఎంత, చర్చి నుంచి వచ్చింది ఎంత అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 2008లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

తేదీలు దగ్గరగా ఉన్నాయని దీన్ని హాలోవీన్‌తో కలిపేయకండి. అక్కడ దయ్యాలంటే భయం. ఇక్కడ వచ్చేది మన నానమ్మ, మన తాతయ్య. ఇంటికొచ్చే చుట్టానికి ఎవరైనా భయపడతారా?

ఒఫ్రెందాలో ఏముంటుంది?

ఇంట్లో మెట్లు మెట్లుగా ఒక వేదిక పెడతారు, మన బొమ్మల కొలువులాగా. దాని పేరు ఒఫ్రెందా. దాని మీద పెట్టే ప్రతి వస్తువుకీ ఒక పని ఉంది. దూరం నుంచి వచ్చినవాళ్ళ దాహానికి గ్లాసుడు నీళ్ళు. శుద్ధికి ఉప్పు. వెలుగుకి కొవ్వొత్తులు. కోపాల్ అనే చెట్టు బంకతో సాంబ్రాణిలా ధూపం. ఎముకల ఆకారం పైన అద్దిన తియ్యటి రొట్టె. పోయినవాళ్ళకి ఇష్టమైన వంటకాలు. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళ ఫోటో.

దారి చూపించే పని బంతిపూలది. ఆ రంగు, ఆ వాసన పట్టుకుని ఆత్మలు ఇల్లు చేరతాయని నమ్మకం. బంతిని అక్కడ 'సెంపసూచిల్' అంటారు. అజ్టెక్‌ల నావాట్ల్ భాషలో దానికి 'ఇరవై పువ్వు' అని అర్థం. ఇరవయ్యే ఎందుకు? మనం పదుల్లో లెక్కపెట్టినట్టు వాళ్ళు ఇరవైల్లో లెక్కపెట్టేవాళ్ళు. అంటే బేస్ 20! ఇరవై అంటే ఒక నిండు లెక్క, కాబట్టి బోలెడు రేకుల పువ్వు అన్నమాట.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచిన సంగతి ఏంటంటే, బంతి అసలు పుట్టిల్లు ఆ ప్రాంతమే. సముద్రాలు దాటి మన దగ్గరికి వచ్చి, మన గుమ్మాలకీ బతుకమ్మకీ సొంతమైపోయింది. తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేది పెత్రమాస నాడే, అంటే పెద్దల్ని తలుచుకునే అమావాస్య రోజే. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు, అయినా రెండు చోట్లా అదే పువ్వు.

చావుతో పరాచికాలు

చక్కెరతో పుర్రెలు చేసి, నుదుటి మీద పేర్లు రాసి, బతికున్న స్నేహితులకే ఇస్తారు! బతికున్నవాళ్ళు చచ్చిపోయినట్టు ఊహించి హాస్యపద్యాలు కూడా రాస్తారు. నాయకుల్నీ వదలరు. పూల టోపీ పెట్టుకున్న అస్థిపంజరం 'కత్రీనా' బొమ్మ చెక్కింది హోసే గ్వాదలూపె పొసాదా (1852-1913). యూరప్ ఫ్యాషన్లు చూసుకుని మురిసిపోయేవాళ్ళ మీద అది వెటకారం. తర్వాత దియెగో రివేరా తన 1947 నాటి కుడ్యచిత్రంలో ఆమెని మధ్యలో నిలబెట్టి, చిన్నపిల్లాడిగా తాను ఆమె చెయ్యి పట్టుకున్నట్టు వేసుకున్నాడు.

ఫోటో పెట్టాలా, వద్దా?

ఇన్ని నవ్వుల మధ్య ఒక కష్టమైన ప్రశ్న కూడా ఉంది. మెక్సికోలో ఆచూకీ లేకుండా పోయినవాళ్ళ అధికారిక లెక్క 2022లో లక్ష దాటింది. 2014 సెప్టెంబర్ 26 రాత్రి అయోత్సినాపా టీచర్ ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు 43 మంది మాయమయ్యారు. దాదాపు మన వయసువాళ్ళే. ముగ్గురి అవశేషాల్ని మాత్రం డీఎన్ఏ పరీక్షతో గుర్తుపట్టారు. మరి మిగతావాళ్ళ అమ్మలు నవంబర్‌లో ఏం చెయ్యాలి? వేదిక మీద ఫోటో పెడితే కొడుకు లేడని ఒప్పుకున్నట్టే. పెట్టకపోతే, ఒకవేళ నిజంగానే పోయుంటే, వాడికి ఇంటి దారి ఎవరు చూపిస్తారు? అందుకే ఇలాంటి కొన్ని కుటుంబాలు ఫోటో పెట్టవు. ఎదురుచూస్తాయి.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. సంతాపం చెప్పుకోగలగడం కూడా ఒక హక్కే. పోయినవాళ్ళు ఎక్కడున్నారో తెలిసినవాళ్ళకే పండగ చేసుకునే వీలుంటుంది.

'కోకో'లో ఒక నియమం ఉంది: బతికున్నవాళ్ళలో ఎవరూ గుర్తుపెట్టుకోకపోతే పోయినవాళ్ళు రెండోసారి పోతారు. మన తర్పణంలో కూడా మూడు తరాల పేర్లు చెప్తారు. మా తాతయ్య పేరు నాకు తెలుసు. ముత్తాత పేరు నాన్నని అడిగి రాసిపెట్టుకున్నాను. మీరూ ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు అడగండి. పేరుతో పాటు ఆయనకి ఏ కూర ఇష్టమో కూడా అడగండి.