బడి పిల్లలు – పురుగుమందులు



రాజోలి అంటే బయటివారికి చేనేత చీరలు గుర్తొస్తాయి. కానీ కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ అంతా సీడు పత్తికి కూడా పేరుపడింది. సాయంత్రం మొగ్గ ఒలిచి, మరునాడు పొద్దున మగపూవు పుప్పొడి అద్దే పనిని ఇక్కడ ‘క్రాసింగ్’ అంటారు. ఆ రోజుల్లో మా హాజరు పట్టీ పలచబడుతుంది. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయని, వంగనక్కర లేదని సాకులు చెబుతారు. మందు కొట్టిన మొక్క సరిగ్గా వాళ్ల ముఖం ఎత్తున ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోరు.

కొన్నేళ్ల కిందట ఏడో తరగతి పిల్లవాడొకడు మొదటి పీరియడులోనే బల్లమీద తల వాల్చాడు. రాత్రంతా ఫోను చూశావా అని గద్దించాను. దగ్గరికి వెళ్తే ఒళ్లంతా చెమట, నోట్లో ఉమ్మి ఊరుతోంది, కంటిపాప సూదిమొనంత. తెల్లవారుజామున చేలో పనిచేసి అదే చొక్కాతో బడికి వచ్చాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాం, బతికాడు. బీఎడ్‌లో బోధనా పద్ధతులు చాలా చదివాను గాని, కంటిపాప చూడాలని నాకు తెలియదు. ఆ గద్దింపు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ వంటి మందులు నరాల సంకేతాన్ని ఆపే ఎంజైమును పనిచేయనివ్వవు. సంకేతం ఆగదు కనుక చెమట, ఉమ్మి, కండరాల అదురు, చివరికి ఊపిరి ఆడకపోవడం. ఈ విషం నోటి ద్వారానే కాదు, చర్మం ద్వారా, శ్వాస ద్వారా కూడా ఎక్కుతుంది. ఒంటి బరువుతో పోలిస్తే పిల్లలు పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. పైగా చేతులు కడగకుండానే నోట్లో పెట్టుకుంటారు.

2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాసే. అందుకే బడికి నూనె గాని, నీళ్ల డ్రమ్ము గాని ఇచ్చేవారికి నా మనవి: కొత్తదే ఇవ్వండి. మందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినా అది మందు డబ్బాయే. స్టోరు గదిలో కలుపుమందు పెట్టనివ్వకండి. సెలవు రోజున తప్ప ఆవరణలో ఏ మందూ కొట్టనివ్వకండి.

మా పిల్లలకు అక్షరాలతోపాటు డబ్బామీది రంగులూ నేర్పుతున్నాను. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, ఆపైన నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయితే తాగొచ్చా సార్ అని ఒకడు అడిగాడు! అదీ విషమే, కాస్త తక్కువ, అంతే.

ఎవరికైనా మందు సోకితే బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లంతా కడగాలి. బలవంతంగా వాంతి చేయించకూడదు. 108కి ఫోను చేసి, మందు డబ్బా దొరికితే దాన్ని కూడా ఆసుపత్రికి పంపాలి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు సగం పని తప్పుతుంది.

చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలు కూలికి వెళ్లకూడదు. అయినా వెళ్తున్నారు. వాళ్లను చేలనుంచి తెచ్చే పని మాది. మీరు ఈ ఏడు ఇచ్చే యూనిఫారం ఒక జత కాక రెండు జతలు ఇవ్వండి, ఒకటి బడిలోనే ఉంచుతాం. గేటు పక్కన ఒక కుళాయి, సబ్బు ఉంటే పిల్లవాడు కడుక్కొని, చొక్కా మార్చుకొని తరగతిలోకి వస్తాడు.