మళ్లీ మళ్లీ కదిలే గుడిసెలు

పఠనములు: మత్తయి 2:13-23, అపోస్తలుల కార్యములు 6:1-7



తిరుకుటుంబం ఐగుప్తుకు పారిపోయిన సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తరువాతి సంగతిని మాత్రం మనం తొందరగా చదివి దాటిపోతాం. హేరోదు చనిపోయాక జోజప్పగారు తల్లిని, బిడ్డను తీసుకొని తిరిగివచ్చారు. కాని యూదయాలో హేరోదు కొడుకే ఏలుతున్నాడని విని భయపడి, గలిలయకు మళ్లి నజరేతులో కాపురం పెట్టారు. అంటే మన రక్షకుడు పసితనంలోనే ఒకసారి దేశం విడిచాడు, తిరిగివచ్చి కూడా అనుకున్న చోట నిలవలేకపోయాడు. ఒక్కసారి ఇల్లు పోవడం వేరు, నిలదొక్కుకోబోయిన ప్రతిసారీ పోవడం వేరు. ఈ వారం ఆ రెండవ రకం కష్టాన్ని గురించి ఆలోచిద్దాం.

1. మన పొరుగువారు ఎవరు?

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. ఒక ప్రక్క మావోయిస్టులు, మరొక ప్రక్క సల్వాజుడుం దళాలు, భద్రతా బలగాలు. మధ్యలో నలిగిన ఆదివాసీ పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరిని శిబిరాలకు తరలించారు. వేలాదిమంది అడవి దారులు పట్టి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. యాభై వేలమంది దాకా చెదరిపోయారని స్వచ్ఛంద సంస్థల అంచనా. మనం గొత్తికోయలు అని పిలిచేది వీరినే. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. కాని అప్పటికే వారి పిల్లలు గోదావరి ఈవల పుట్టి పెరుగుతున్నారు.

వచ్చినచోటనైనా నిలిచారా? బ్రతకడానికి అడవిలో పోడు కొట్టుకున్నారు. అడవిని కాపాడటం అటవీశాఖవారి బాధ్యత. అందుచేత గుడిసెలు తొలగించడం, వీరు మరికొంత లోపలికి పోయి మళ్లీ వేసుకోవడం ఏళ్ల తరబడి సాగింది. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో జరిగిన తొలగింపు పత్రికలకెక్కింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారి విధి నిర్వహణలో హత్యకు గురయ్యారు. ఆ కుటుంబ దుఃఖం మన దుఃఖమే. అయితే దాని తరువాత మొత్తం గొత్తికోయలనే వెళ్లగొట్టాలన్న మాటలు వినిపించాయి. కొందరు చేసిన నేరం వేలమంది మీద పడటం న్యాయమా?

2. చట్టం సందులో పడినవారు

దేశం సరిహద్దు దాటినవారిని శరణార్థులంటారు. రాష్ట్రం సరిహద్దు మాత్రమే దాటినవారికి ఆ పేరు వర్తించదు. అటువంటివారికోసం ఐక్యరాజ్యసమితి 1998లో 30 మార్గదర్శక సూత్రాలను వెలువరించింది. మన దేశంలో వారికి ప్రత్యేక చట్టం లేదు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా ఉన్నవారికి ఇక్కడ ఆ గుర్తింపు రాలేదు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందునుండి సాగులో ఉన్నవారికే పట్టా ఇస్తుంది. ఇల్లు తగలబడి ఆ తరువాత వచ్చినవాడు ఏ కాగితం చూపగలడు? 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు కొందరు కదలకపోయినా వారి రాష్ట్రం మారిపోయింది.

3. యెరూషలేము సంఘం నేర్పిన పాఠం

సాయం చేసేవారు లేరని కాదు. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ 2006నుండి ఆ ప్రాంతంలో సంచార వైద్యశాలలు నడిపింది. మఠకన్యలు, స్వచ్ఛంద సేవకులు, ప్రభుత్వ సిబ్బంది కూడా వెళ్లారు. అయినా కొన్ని గుంపులకు అన్నీ అందుతాయి, కొన్నింటికి ఏదీ అందదు.

ఇందులో నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒకసారి కొందరు మిత్రులతో కలిసి బియ్యం, దుప్పట్లు తీసుకొని అటువంటి గుంపుకు వెళ్లాను. అంతకు వారం ముందే మరొకరు దుప్పట్లు పంచివెళ్లారు. ఒక ముసలమ్మ బియ్యం మూట చూసి ఏదో అడిగింది. మాలో ఎవరికీ ఆ భాష రాదు. బడికి పోయే ఒక పిల్లవాడు తెలుగులో చెప్పాడు: “వండుకోను గిన్నె లేదంట.” గుడిసెలు పోయినప్పుడు గిన్నెలూ పోయాయి. మేము అడిగివుంటే తెలిసేది. మేము అడగలేదు.

తొలి శ్రీసభలోనూ ఇదే జరిగింది. రోజూ పంచే ఆహారంలో గ్రీకు భాష మాట్లాడే వితంతువులకు అన్యాయం జరుగుతున్నదని సణుగుడు పుట్టింది. అపోస్తలులు ఆ సణుగుడును అణచలేదు, పంపకాన్ని తమ చేతుల్లోకి తీసుకోలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మని సంఘానికే అప్పగించారు. స్తెఫాను, ఫిలిప్పు మొదలైన ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే అని గమనించండి. ఎవరి ఆకలి పట్టించుకోలేదో వారి భాష తెలిసినవారికే బాధ్యత దక్కింది. చిన్న సంఘం చేయగల పనిని పెద్దది లాక్కోకూడదని 11వ భక్తినాథ పోపుగారు 1931లో బోధించిన సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

4. చిన్నగా మొదలుపెట్టడం ఎలా?

అన్ని గుంపులకూ ఒకేసారి అన్నీ చేయబోతే ఏదీ నిలవదు. ఒక్క గుంపులో ఒక్క ఏడాది ప్రయోగంగా పనిచేసి, ఫలితం చూసి విస్తరించాలి. అందుకు అయిదు నియమాలు:

మొదటిది, ముందు అడగాలి. వారి భాష తెలిసిన మనిషి లేకుండా వెళ్లకూడదు.

రెండవది, సాయం చేసేవారంతా ఒకచోట కూర్చొని ఒక్క పుస్తకం పెట్టుకోవాలి. వైద్యం ఒకరిది, బడి ఒకరిది, కాగితాల పని ఒకరిది. కాని ఆ పుస్తకాన్ని భద్రంగా దాచాలి. రెండు ఆయుధాల మధ్యనుండి పారిపోయివచ్చినవారి పేర్లు, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టడం ప్రాణాలకే ముప్పు.

మూడవది, మళ్లీ కదలవలసివచ్చినా వెంట వచ్చే సాయం చేయాలి. కట్టిన గది వెంట రాదు. టీకాల కార్డు, బడి సర్టిఫికెట్టు, వంటగిన్నెలు, మేకలు, చేతిపని వెంట వస్తాయి.

నాలుగవది, అక్కడ ముందునుండి ఉన్న పేద ఆదివాసులను విడిచిపెట్టకూడదు. ఒకరికి వేసిన బోరు ఇద్దరికీ నీరివ్వాలి. లేకపోతే మన సాయమే కొత్త తగవు అవుతుంది.

అయిదవది, సాయానికి బదులుగా విశ్వాసాన్ని అడగకూడదు. 16వ బెనెడిక్టు పోపుగారు 2005లో వ్రాసిన లేఖలో ప్రేమసేవ మతంలో చేర్చుకునే సాధనం కాదని స్పష్టం చేశారు.

దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2020లో వలసదారుల దినపు సందేశాన్ని స్వదేశంలోనే చెదరిపోయినవారికోసం ప్రత్యేకించారు. తెలుసుకుంటేనే అర్థమవుతుంది, దగ్గరైతేనే సేవ చేయగలం, సహకరిస్తేనే కట్టగలం అన్నది అందులోని బోధల సారాంశం.

5. ఇబ్రహీంపట్నంలో ఉన్న మనకేమిటి?

భద్రాచలం మనకు దూరమే. కాని మన మండలపు ఇటుక బట్టీలకు ఒడిషానుండి కుటుంబాలు వస్తాయి. వీరు తుపాకులకు కాక ఆకలికి జడిసి వచ్చినవారు. వీరి పిల్లలకూ తెలుగు రాదు, వీరి గుడిసెలూ ఏటేటా కదిలేవే. పక్కనున్నవారి పేరు తెలుసుకోనివాడు గోదావరి ఒడ్డునున్నవారికి ఏమి చేయగలడు? ఇక్కడ నేర్చుకున్నదే అక్కడ ఉపయోగపడుతుంది.

కుటుంబంలో చర్చించండి:
• మన వీధిలో, బట్టీలో, కొత్తగా కట్టే ఇళ్ల దగ్గర ఉన్న వలస కుటుంబం ఒక్కటైనా మనకు పేరుతో తెలుసా?
• మనం ఇచ్చిన చివరి దానం అడిగి ఇచ్చినదా, మనకు తోచినది ఇచ్చినదా?
• “వాళ్లంతా అంతే” అని ఏ జనాన్ని గురించి మన ఇంట్లో అంటున్నాం?

ప్రార్థన: తలదాచుకొనే చోటుకోసం తిరిగిన ఓ యేసువా, నిలువ నీడ లేనివారిలో నిన్ను గుర్తించే కన్నులు మాకు దయచేయండి. ఇచ్చేముందు అడిగే వినయాన్ని, అందరితో కలిసి పనిచేసే మనసును మాకు నేర్పండి. ఆమెన్.