వార్ధక్యమున మతిమరపు: పంచాయతీ చేయదగిన సేవ

పాలమూరు, నల్లగొండ ప్రాంతములలో పనికై కొడుకులు, కోడండ్రు పట్టణములకు వలస పోవుదురు. ఇంట వృద్ధులు మిగులుదురు. కొంతకాలమునకు ముసలమ్మ పొయ్యిమీద కుండ పెట్టి మరచును. ఎరిగిన బాటలోనే దారి తప్పును. ఇరుగుపొరుగువారు దీనిని చాదస్తమనియో, గాలి సోకినదనియో అందురు. అది పొరపాటు. ఇది డిమెన్షియా అను మెదడు వ్యాధి కావచ్చును. 2023లో వెలువడిన అంచనా ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండిన ప్రతి 100 మందిలో సుమారు 7 గురికి ఈ వ్యాధి కలదు.

మొదట వైద్యునికి చూపవలెను. థైరాయిడ్ లోపము, బి-12 విటమిన్ కొరత, మనోవ్యాకులత వలన కూడ మరపు కలుగును. వీనికి చికిత్స కలదు. డిమెన్షియాను పూర్తిగా మాన్పు మందు మాత్రము నేటికిని లేదు. అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు.

ఇంగ్లండులో 201 మంది వృద్ధులపై జరిగిన పరిశోధన ఫలితములు 2003లో వెలువడినవి. వారిలో కొందరిని చిన్న గుంపులుగా చేర్చి, వారమునకు 2 మార్లు, 7 వారములపాటు ముచ్చట్లు, ఆటపాటలతో గడిపించిరి. తక్కినవారికంటె వీరి జ్ఞాపకశక్తియు, జీవనోత్సాహమును మెరుగుపడినవి. హైదరాబాదులోని నిమ్స్ వైద్యులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో మరియొక విశేషమును ప్రకటించిరి. రెండు భాషలు మాటాడువారికి ఈ వ్యాధి సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చినది. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. నలుగురితో మాటాడుచు, మెదడునకు పని కల్పించుట ఎంత మేలో వీనివలన ఊహింపవచ్చును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు:

1. వారమునకు 2 మార్లు వృద్ధులను చావడికి చేర్చవలెను. బతుకమ్మ పాటలు, పీర్ల పండుగ ముచ్చట్లు, పాత కరవుల కథలు వారిచే చెప్పింపవలెను. పల్లికాయలు ఒలుచుట, చింతపండు గింజ తీయుట వంటి పనులు చేతికీయవలెను. "నేనెవరో చెప్పు" అని పరీక్షింపరాదు.

2. వినికిడి, చూపు, రక్తపోటు, మధుమేహములను ఆరోగ్య ఉపకేంద్రములో పరీక్ష చేయింపవలెను. వీనిని, పొగత్రాగుటను, ఒంటరితనమును అదుపులో నుంచినచో వ్యాధిని కొంతవరకు నివారింపవచ్చును.

3. పాడుబడిన బావులకు చుట్టుగోడ, వీధులకు దీపములు ఏర్పరుపవలెను.

4. వలసపోయిన ఇండ్లలోని వృద్ధుల జాబితా వ్రాసి, ఒక్కొక్కరిని ఒక పొరుగువారికి ఒప్పగింపవలెను. సలహాకు వృద్ధుల సహాయవాణి 14567 కలదు.

ఇంటివారికిని ఒక మాట. భోజనము, స్నానము, నిద్ర నిత్యము ఒకే వేళకు జరుగవలెను. రోగితో వాదింపరాదు. రేయింబవళ్లు సేవచేయు కోడలికో కూతురికో విశ్రాంతి నిచ్చుట తక్కినవారి విధి.

పొలముల హద్దులు చెప్పి, తగవులు తీర్చిన పెద్దలు వీరే. వచ్చు గ్రామసభలో వీరి విషయమును చర్చకు పెట్టుడు.