బెంటన్‌విల్‌లో ఎనిమిదవ వీధి



మీ తమాన్‌లో ఒక దుకాణం మూతపడి, దాని స్థానంలో మరొకటి వచ్చినదనుకోండి. మొదటి వారం అందరూ దాని గురించే మాట్లాడుకుంటారు. ఆరు నెలలు గడిచేసరికి, అక్కడ ఇంతకుముందు ఏమి ఉండేదో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. మీ వీధి చివర ఉన్న డోబీ దుకాణం అంతకుముందు ఏమిటో మీరు చెప్పగలరా? చెప్పగలిగితే ఈ పాఠంలో సగం మీకు వచ్చినట్లే.

గత దీర్ఘ సెలవులలో నేను అమెరికా వెళ్లి, మా అక్క కూతురి ఇంట్లో మూడు వారాలు ఉన్నాను. ఆమె ఉండే ఊరు బెంటన్‌విల్. అది ఆర్కాన్సా రాష్ట్రానికి వాయవ్య మూలన, బెంటన్ కౌంటీకి ముఖ్యపట్టణంగా ఉన్నది. కౌంటీ అంటే జిల్లా వంటిది. 1990 జనగణనలో ఈ ఊరి జనసంఖ్య 11,257. 2020లో 54,164. ఎన్ని రెట్లు పెరిగినదో మీరే భాగించి చూడండి.

ఇంత పెరుగుదలకు మూలం ఒక చిన్న దుకాణం. 1950లో శామ్ వాల్టన్ అనే వర్తకుడు ఈ ఊరి నడిబొడ్డున, కచేరీ భవనం ఎదుట ఉన్న చతురస్రపు బజారులో ఒక దుకాణం కొన్నాడు. తరువాత 1962లో పక్క ఊరైన రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ తెరిచాడు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం నేటికీ బెంటన్‌విల్‌లోనే ఉన్నది. అక్కడ కంప్యూటరు పని చేయడానికి హైదరాబాదు నుండి, విజయవాడ నుండి, విశాఖ నుండి తెలుగువారు వస్తున్నారు. ఆ విధంగానే మా అక్క కూతురు కూడా అక్కడికి చేరినది. ఆమె ఇంటి దగ్గరి సరుకుల దుకాణంలో గోంగూర కట్టలు చూసి నేను ఆశ్చర్యపోయాను. మన పాసార్‌లో కూడా అంత తాజా గోంగూర దొరకదు!

ఇక ఎనిమిదవ వీధికి వద్దాం. ఆ వీధికి దగ్గరలో ఒకప్పుడు క్రాఫ్ట్ కంపెనీవారి జున్ను కర్మాగారం ఉండేది. 2020 ఫిబ్రవరిలో అదే భవనం ‘మొమెంటరీ’ అనే కళాప్రదర్శనశాలగా మారినది. ఆ చుట్టుపక్కలనే టైసన్ కంపెనీవారి పాత ఆహార కర్మాగారం ఉన్నది. ఇప్పుడు అందులో భోజనశాలలు, వంట నేర్పే కళాశాల ఉన్నాయి. వీధికి పడమటి వైపు వాల్‌మార్ట్‌వారి పాత కార్యాలయం, తూర్పు వైపు దాదాపు 350 ఎకరాలలో కట్టిన కొత్త కార్యాలయం ఉన్నాయి. కొత్తది 2025 జనవరిలో తెరిచారు. శామ్ వాల్టన్ కొన్న చిన్న దుకాణం నేడు సంగ్రహాలయం. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఈ జిల్లా ఆపిల్ తోటలకు పేరుపొందినది. ఆ తోటలు పోయినా, ఊరిలో ‘ఆర్చర్డ్స్ పార్క్’ అనే ఉద్యానవనం ఉన్నది. ఆర్చర్డ్ అంటే పండ్లతోట. చెట్లు పోయిన తరువాత కూడా మాట మిగిలినది.

సాయంత్రం వేళల్లో నేను నడకకు వెళ్లేదానిని. ఆ దారిలో ఆంధ్రదేశం నుండి పిల్లలను చూడడానికి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు కనిపించేవారు. వారిలో గుంటూరు వైపు నుండి వచ్చిన ఒక పెద్దావిడ నాతో మాట కలిపినది.

“ఏమ్మా, మీది ఏ ఊరు?”

“మలేషియా అండి. మా ముత్తాతగారిది విశాఖ ప్రాంతం అని చెబుతారు.”

“అది సరేనమ్మా, నువ్వు పుట్టిన ఊరు?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో తరువాత చెబుతాను.

ఆవిడ ఈ ఊరికి రావడం అది మూడవసారి. ఊరి నుండి తెలుగు క్యాలెండరు తెచ్చుకొని వంటగదిలో తగిలించుకున్నది. పాలలెక్క వ్రాసే అలవాటు చొప్పున, ఆ తేదీల గడులలో రోజూ ఒక చిన్న మాట వ్రాస్తుంది. ఒకరోజు తన ఇంటికి పిలిచి నాకు చూపించినది. కొన్ని వాక్యాలను ఆవిడ అనుమతితో నకలు చేసుకొని వచ్చాను.

“ఎదుటి పొలం చుట్టూ కంచె వేశారు.”
“ఆవులను తోలుకుపోయారు.”
“మలుపు దగ్గర సిగ్నలు దీపం పెట్టారు.”
“అద్దె పెంచారు.”
“పక్క వాటాలో మెక్సికో వాళ్లు ఖాళీ చేశారు.”

విద్యార్థులారా, ఈ అయిదు వాక్యాలలో ఒక పేట వార్తలన్నీ ఉన్నాయి. ఇప్పుడు వ్యాకరణం చూద్దాం. మొదటి వాక్యంలో క్రియ ‘వేశారు’. కర్మ ‘కంచె’. కర్త ఎవరు? వాక్యంలో లేదు. రెండు, మూడు, నాలుగు వాక్యాలలోనూ లేదు. ఒక్క అయిదవ వాక్యంలో మాత్రమే కర్త ఉన్నది, ‘మెక్సికో వాళ్లు’. చేసినవారెవరో చెప్పకుండా ‘చేశారు’ అని సరిపెట్టుకొనే వీలు మన భాషలో ఉన్నది. అది తప్పు కాదు, మాట్లాడడానికి సులువు. కానీ ఇల్లు వదలిన కుటుంబానికి పేరు ఉండి, అద్దె పెంచిన చేతికి పేరు లేకపోవడం గమనించండి. ఆ ఊరిలో ఇళ్ల ధరలు, అద్దెలు బాగా పెరిగాయి. జీతం తక్కువ ఉన్నవారు దూరం జరుగుతున్నారు.

కర్తను వెదికితే దొరుకుతుంది. అక్కడ పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చాలంటే ముందుగా ప్రకటన ఇచ్చి, నగర సభలో బహిరంగంగా చర్చించాలి. ఆ సభలో పౌరులు లేచి మాట్లాడవచ్చు. నిర్ణయించినవారి పేర్లు కాగితం మీద ఉంటాయి.

మరొక ఉదాహరణ. బజారు నడుమ ఒక సైనికుని విగ్రహం ఉండేది. “దానిని తీసేశారు” అని మా అక్క కూతురు చెప్పినది. ఎవరు పెట్టారు, ఎవరు తీశారు అని అడిగి తెలుసుకున్నాను. 1861 నుండి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధంలో, బానిసత్వాన్ని నిలుపుకోదలచిన దక్షిణ రాష్ట్రాలు ఓడిపోయాయి. ఆ పక్షపు సైనికుల స్మృతికై పనిచేసే ఒక మహిళా సంఘం 1908లో ఆ విగ్రహాన్ని నిలిపినది. ఊరిలో చాలామంది అభ్యంతరం చెప్పిన మీదట, ఆ సంఘం అంగీకారంతోనే 2020 సెప్టెంబరులో అది అక్కడినుండి వెళ్లినది. చూశారా, కర్త చేరగానే రెండు పదాల వార్త చరిత్ర అయినది.

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్నకు వస్తాను. నేను పుట్టినది పేరాక్ దిగువ ప్రాంతంలోని ఒక కొబ్బరితోటలో. మా లైనులో ఇరవై ఇళ్లు, చివర రాముని గుడి, దాని పక్కన నీళ్ల కొళాయి. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుతున్న కాలంలో మా నాన్న ఉత్తరం వ్రాశారు. “తోట అమ్మేశారట. లైను ఇళ్లు పడగొడతారట.” ‘అట’ అనే చిన్న మాట చూడండి. కర్త లేదు సరికదా, వార్త కూడా ఎవరి నోటి నుండి వచ్చినదో తెలియదు. మా నాన్న అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అక్కడ తమాన్ ఉన్నది. దానికి తోట పేరు పెట్టలేదు. జున్ను కర్మాగారపు గోడలవలె చూపించడానికి ఒక గోడ కూడా లేదు. అందుకే “నువ్వు పుట్టిన ఊరు?” అన్నప్పుడు నా నోట మాట రాలేదు.

అభ్యాసము

మీ పేటలో ఈ సంవత్సరం జరిగిన మార్పులను గురించి అయిదు వాక్యాలు వ్రాయండి. మొదట ఇంట్లో మాట్లాడుకునే విధంగానే, కర్త లేకుండా వ్రాయండి. తరువాత అమ్మను, తాతయ్యను, దుకాణదారుని అడిగి, ప్రతి వాక్యానికి కర్తను చేర్చి తిరిగి వ్రాయండి. కర్త దొరకని చోట గీత గీసి ఖాళీగా ఉంచండి, ఊహించి నింపకండి.

నా వాక్యం ఇది: “మా తోటలోని లైను ఇళ్లను ________ పడగొట్టారు.” మీ ఇళ్లలోని పెద్దలెవరైనా పేరాక్ దిగువ కొబ్బరితోటలలో పనిచేసి ఉంటే, ఈ పుట వారికి చదివి వినిపించండి. వారు చెప్పినది తరగతికి వ్రాసుకొని రండి.